కలంతరాష్: ఒక చిన్న చాకు ఖరీదు

జేబులో పెట్టుకునే చాకుకు వేల రూపాయలు వెచ్చించడం సబబా, వృథా వ్యయమా అనే ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. చరిత్ర వ్యాసంలో దీనికి తావెక్కడిదని పాఠక మహాశయులు అనుకోవచ్చు. కాని గవర్నర్‌పేట బజారులో వంద రూపాయలకు దొరికే మడత చాకూ ఉన్నది, అద్దాల బీరువాలో మఖమల్ గుడ్డ మీద పరచిన ఐదారు వేల చాకూ ఉన్నది. ఆ రెండవదాని అలుగు మీద నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. అది "డమాస్కస్ ఉక్కు" అని దుకాణదారు చెబుతాడు. ఆ పేరు వినగానే మనవాళ్ళ ముఖాన ఒక గర్వరేఖ తొంగిచూస్తుంది, దమిష్క్ మన నగరమే కదా అని. చేయి జేబులోకి వెళ్ళేది సరిగ్గా అప్పుడే. ఆ చేతిని కొద్దిసేపు ఆపి, ఆ పేరు వెనుక ఉన్న చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి చూద్దాం. అనువాదం వృత్తిగా పెట్టుకున్నవాడికి ఇది మానలేని అలవాటు. చాకు అనే మాట తుర్కీ నుంచి ఫార్సీకి, ఫార్సీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలుగుకు వచ్చింది. కలం అరబీ పదం. మచిలీపట్నానికి మనం పెట్టుకున్న వాడుక పేరు బందరు కూడా ఫార్సీ మాటే, రేవు అని దాని అర్థం. ఈ మూడూ బయటి నుంచి మన ఇంటికి వచ్చినవి. వీటికి ఎదురుగా మన ఇంటి నుంచి బయటికి వెళ్ళిన మాట ఒకటున్నది. అది ఉక్కు. ఇంగ్లీషువారు 1795లో "వూట్జ్" అని రాసుకొని, లోకమంతటికీ ఆ పేరుతోనే పరిచయం చేసిన లోహం తెలుగు, కన్నడ భాషల ఉక్కేనని పండితులలో అత్యధికుల అభిప్రాయం. చాకు ఖరీదు కథ ఈ మాటల రాకపోకల మధ్యనే నడిచింది.

ఇస్లామీయ నాగరికతలో జేబు చాకుకు గౌరవ స్థానం లభించింది యుద్ధం వల్ల కాదు, రాత వల్ల. రెల్లు కలాన్ని చెక్కే చిన్న కత్తిని ఫార్సీలో కలంతరాష్ అన్నారు. అరబీ గ్రంథాలలో దానిని సిక్కీన్ అనీ, ముద్యా అనీ వ్యవహరించారు. ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల కాలంలో దివాన్ లేఖకుడుగా పనిచేసిన అల్ ఖల్ఖషందీ తన "సుబ్హుల్ ఆషా"లో లేఖకుని పరికరాలను వివరిస్తూ, సిరాబుడ్డి, కలాలతో పాటు ఈ కత్తికి కూడా చోటిచ్చాడు. హిరాత్‌లో నస్తాలీఖ్ లిపికి పెద్ద దిక్కుగా పేరుపొందిన సుల్తాన్ అలీ మష్‌హదీ 1514లో లేఖన కళ మీద పద్యాలలో ఒక రిసాలా రాశాడు. అందులోనూ కలంతరాష్ ప్రస్తావన ఉన్నది. ఉస్మానీ తుర్కుల కాలానికి వచ్చేసరికి ఇస్తాంబూల్‌లో కలంతరాష్‌లు చేయడమే వృత్తిగా గల పనివారు వెలిశారు. వారు అలుగు మీద తమ పేరును ముద్ర వేసేవారు. దంతపు పిడులు, పగడపు పిడులు గల అటువంటి చాకులు నేడు మ్యూజియాలలో కనిపిస్తాయి.

ఇంత పట్టింపు దేనికని అడగవచ్చు. కలం చెక్కడం ఎలాగో తెలిస్తే గాని దీనికి జవాబు దొరకదు. ముందు రెల్లును ఏటవాలుగా కోసి లోపలి మెత్తని భాగాన్ని గీకివేస్తారు. తర్వాత రెండు పక్కలా సన్నగా చెక్కి పాళీ ఆకారం తెస్తారు. పాళీ మధ్యలో సిరా దిగడానికి నిలువుగా చీలిక పెడతారు. ఆఖరున కలాన్ని దంతంతోనో, ఎముకతోనో చేసిన చిన్న పలక మీద ఆనించి, పాళీ కొసను ఒక్క వేటుతో వాలుగా తెగగొడతారు. ఈ ఆఖరు కోతకే "ఖత్" అని పేరు. అది ఒక్క వేటులోనే కావాలి. కత్తి మొండిదైతే రెల్లు నార తెగదు, నలుగుతుంది. నలిగిన పాళీ సిరాను ఆపుకోలేదు, గీత అంచులు చెదిరిపోతాయి. అంతటితో పోదు. వజీర్ ఇబ్ను ముఖ్లా (మరణం హి. 328, క్రీ.శ. 940) పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో ప్రతి అక్షరానికీ కొలత నుఖ్తా, అంటే కలం పాళీ వేసే చుక్క. అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల పొడవు అని లెక్క. ఖత్ వంకరైతే చుక్క వంకర, చుక్క వంకరైతే అక్షరాల కొలతలన్నీ వంకర. ఒక ముస్‌హఫ్ ప్రతిని రాసే కాతిబ్ రోజుకు ఎన్నోసార్లు పాళీని తిరిగి తెగగొట్టుకోవలసి వచ్చేది. మొదటి పుటలోని చుక్కా చివరి పుటలోని చుక్కా ఒక్కలాగే ఉండాలంటే అతనికి ఆధారం కంటిచూపు, చేతివాటం, ఆ కత్తి అంచు మాత్రమే.

కృష్ణా తీరంలో తాటాకు మీద రాసిన మన ఊళ్ళ లేఖరికి కలం లేదు, గంటం ఉన్నది. అయినా ఆకును కత్తిరించి అంచులు సరిచేయడానికి అతనికీ చిన్న కత్తి అవసరమే. రాసేవాడికి కత్తి తప్పదన్నమాట. తేడా ఎక్కడంటే, తాటాకును మామూలు కత్తి కూడా కోస్తుంది. రెల్లు పాళీని అటువంటి కత్తి పాడుచేస్తుంది.

ఈ అవసరం తీర్చగల ఉక్కు ఎక్కడి నుంచి వచ్చింది? మెర్వ్, హిరాత్ వంటి చోట్ల కూడా మూసలో ఉక్కు తయారయ్యేది, అందులో సందేహం లేదు. కాని హిందూస్తాన్ ఉక్కుకు అరబ్బుల నాలుక మీద ఇస్లాంకు ముందు నుంచే స్థానమున్నది. "ముహన్నద్" అంటే హింద్ కత్తి. హజ్రత్ కఅబ్ బిన్ జుహైర్ (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమక్షంలో చదివిన ఖసీదాలో సైతం ఆ మాట ఉన్నది. తత్త్వవేత్త అల్ కిందీ ఖలీఫా మూతసిం (హి. 218–227, క్రీ.శ. 833–842) కోసం ఖడ్గాల మీద ఒక రిసాలా రాశాడు. కత్తులను అతడు ముందుగా వాటి ఇనుమును బట్టి విభజించాడు, ఊళ్ళ పేర్లు ఆ తర్వాతనే. పేరు చూసి కొనేవారు వెయ్యేళ్ళకు పైగా ఉన్నట్లే, పేరును పక్కనపెట్టి లోహాన్ని చూడమన్న విద్వాంసుడు కూడా అప్పుడే ఉన్నాడన్నమాట.

దక్కనులో ఈ ఉక్కుకు ప్రసిద్ధమైన ఊరు కోనసముద్రం. అది నేటి తెలంగాణలోని నిజామాబాదు జిల్లాలో ఉన్నది. దానికి దగ్గరలోని ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు తయారై హిందూస్తాన్ అంతటా అమ్ముడవుతున్నాయని ఫ్రెంచి యాత్రికుడు తెవెనో 1660ల నాటి తన యాత్రలో రాసుకున్నాడు. కోనసముద్రంలో ఉక్కు తయారయ్యే తీరును కళ్ళారా చూసి రాసినవాడు హెన్రీ వాయిసీ. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసి 1824లో మరణించాడు. ఆయన రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ పద్ధతి సారాంశం ఇది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును మూడు పాళ్ళు, రెండు పాళ్ళుగా కలిపి మట్టి మూసలో పెట్టేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. మూసను మూసివేసి కొలిమిలో పెట్టి, మనుషులు వంతులవారీగా తిత్తులు ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ మంట ఆరకుండా చూసేవారు. చల్లారిన తర్వాత మూసను పగలగొడితే ఉక్కు ముద్ద బయటపడేది. పని అక్కడితో అయిపోలేదు. ఆ ముద్ద గాజులాగా పెళుసు. దానికి మట్టి పూసి, తిరిగి కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు ఉంచి, చల్లార్చి, మెత్తబడేదాకా అదే పని మళ్ళీ మళ్ళీ చేసేవారు. అప్పుడు గాని అది సుత్తి దెబ్బకు లొంగేది కాదు. దక్షిణాదిన మరికొన్ని చోట్ల ఇనుముతో పాటు తంగేడు చెక్క, పచ్చి ఆకులు మూసలో వేసేవారు.

వాయిసీ వెళ్ళినప్పుడు కోనసముద్రంలో ఇస్ఫహాన్ వర్తకుడు ఒకాయన మకాం వేసి ఉన్నాడు. పేరు హాజీ హుసేన్. ఉక్కు కొనుగోలుకే వచ్చాడు. ఈ ఊరూ ఈ పద్ధతీ ఈరానీలకు బాగా తెలుసునని, తమ దేశంలో ఇలాగే చేయబోయి విఫలమయ్యామని ఆయన వాయిసీతో చెప్పాడు. ఒక వర్తకుడు ఇస్ఫహాన్ నుంచి ఇందూరు సీమ పల్లెకు వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడంటే, ఆ ముద్ద విలువ ఏమిటో వేరే చెప్పాలా?

ఆ విలువ ఎవరికి దక్కిందన్నదే అసలు ప్రశ్న. గోల్కొండ రాజ్యానికి బందరు ప్రధానమైన రేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు పదిహేడవ శతాబ్ది తొలి ఏళ్ళలోనే అక్కడ కోఠీలు పెట్టారు. అంతకు ముందు నుంచే ఈరానీ వర్తకుల ఓడలు బందరుకూ ఫార్స్ తీరానికీ మధ్య తిరుగుతూ ఉండేవి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో బందర్ అబ్బాస్ నుంచి మచిలీపట్నం వచ్చింది గోల్కొండ సుల్తాను ఓడలోనే. చారలు తేలే కత్తులకు తగిన ఉక్కు గోల్కొండ నుంచే వస్తుందని రాసిన ఈ తావెర్నియే, వర్తకుడు గనుక, ధరలు కూడా చెప్పాడు. ఒక ఉక్కు ముద్ద గోల్కొండలో తొమ్మిది పది సూల కంటే ఎక్కువ ఉండదు. అదే ఈరాన్‌లో నాలుగైదు అబ్బాసీలు పలుకుతుంది. ఎంత దూరం పోతే అంత ప్రియం. తుర్కీ దేశంలో మూడు పియాస్టర్ల దాకా వెళుతుంది. పియాస్టరు సుమారు అరవై సూలు అనుకుంటే, కోనసముద్రం వంటి పల్లెలో కొలిమివాడి చేతికి వచ్చిన ధరకు అది పద్దెనిమిది, ఇరవై రెట్లు. ఆ పైన కత్తి చేసినవాడి కూలి, పిడి చెక్కినవాడి కూలి, దుకాణం లాభం. ఖరీదైన చాకు ధరలో అంచును పుట్టించిన మనిషి వాటా అంత స్వల్పం. మిగిలినదంతా దారి ఖర్చు, పేరు ఖర్చు. సముద్రం మీద పోగొట్టుకునే ప్రమాదం వర్తకుడిదే కనుక అతని లాభం అంతా అన్యాయమని అనలేం. కాని పగలూ రాత్రీ తిత్తులు ఊదినవాడి పేరు ఒక్కటైనా ఏ గ్రంథంలోనూ కనిపించదు, హాజీ హుసేన్ పేరు మాత్రం మిగిలింది.

ఇక లండన్‌లో జరిగిన సంగతి. అది మన ప్రశ్నకు సూటిగా సంబంధించినది. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలినస్ స్కాట్ ఈ ఉక్కు ముద్దలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. జార్జి పియర్సన్ దాని మీద పరీక్షలు జరిపి 1795లో వ్యాసం చదివాడు. ఆ వ్యాసం శీర్షికలో అది బొంబాయిలో తయారైన ఉక్కు అని ఉన్నది. ఓడ ఎక్కిన చోటే పుట్టిన చోటని అనుకున్నారన్నమాట. బ్యాంక్స్ కోరిక మీద, చాకులూ శస్త్రచికిత్స పరికరాలూ చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కు ముక్కతో తయారుచేసిన వస్తువు ఏమిటో తెలుసా? ఖడ్గం కాదు, ఈక కలం చెక్కే చాకు. అంటే ఇంగ్లీషువాడి కలంతరాష్! అది చాలా ఉత్తమంగా ఉన్నదని పియర్సన్ రాశాడు. స్టోడార్ట్ ఆ తర్వాత తన వ్యాపార ప్రకటన చీటీ మీద, యూరపులోని అత్యుత్తమమైన ఉక్కు కంటే ఈ హిందూస్తాన్ ఉక్కునే తాను మెచ్చుతున్నట్లు అచ్చు వేయించుకున్నాడు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే ఆయనతో కలిసి ఉక్కు మీద చేసిన ప్రయోగాలకు కూడా ప్రేరణ ఇదే.

అయితే ఈ ఉక్కు గుణమెంతో చిక్కూ అంతే. కాక కొద్దిగా ఎక్కువైతే సుత్తి కింద పొడిపొడిగా రాలిపోతుంది. మన కమ్మరులకు తెలిసిన ఆ సన్నని హద్దు షెఫీల్డ్ పనివారికి పట్టుబడలేదు. షెఫీల్డ్‌లో 1740ల నుంచే హంట్స్‌మన్ పద్ధతి మూస ఉక్కు ఉన్నది. 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నుల లెక్కన కారుచౌకగా ప్రవహించింది. ఈలోగా లోహపు పాళీలు వచ్చి ఈక కలాన్నీ, దాన్ని చెక్కే చాకునూ యూరపులో మూలకు నెట్టాయి. కోనసముద్రం కొలిమి క్రమంగా చల్లారింది. 2010లో ఎక్సిటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే జరిపినప్పుడు ఊరూరా చిట్టెం కుప్పలూ మూస పెంకులూ దొరికాయి.

ఆ ఉక్కు నిజంగా అంత గొప్పదా? ఇరవయ్యవ శతాబ్ది చివరలో అమెరికా లోహ శాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి దీని రహస్యం చాలావరకు విప్పారు. అందులో కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ళ దగ్గర ఉంటుంది. ఖనిజంలో అత్యల్పంగా ఉండే వనాడియం వంటి లోహాల వల్ల, మళ్ళీ మళ్ళీ కాచి సాగగొట్టే పని వల్ల, అతి గట్టి కార్బైడు రేణువులు వరుసలుగా చేరుతాయి. అలుగు మీది అలలు అవే. ఇదే శాస్త్రవేత్త తర్వాత చాకుల అరుగుదల మీద పరీక్షలు జరిపినప్పుడు తేలింది ఇది: అలుగు మెత్తగా ఉంచినప్పుడు వూట్జ్ కొంచెం మేలు, బాగా గట్టిగా పదును పెట్టినప్పుడు మాత్రం ఈనాటి మామూలు బేరింగు ఉక్కు దానిని మించింది. పదిహేడవ శతాబ్దిలో ఇస్ఫహాన్ కాతిబ్‌కు అంతకంటే మంచి అంచు దొరకదు కనుక అతడు పెట్టిన ధర న్యాయమే. ఆ ధరను ఈనాడు మనం పెట్టడానికి ఆ కారణం లేదు.

పైగా బీరువాలో కనిపించే "డమాస్కస్" అది కాదు. రెండు రకాల ఉక్కు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, కాచి అతికించి, మడిచి, చివరకు ఆమ్లంలో ముంచి చారలు తేల్చినది. అదీ మంచి పనితనమే కావచ్చు, మన పూర్వ కాలపు కత్తులలోనూ అటువంటి అతుకు పని ఉన్నది. కాని కోనసముద్రం మూసతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అలల కోసం చెల్లించే సొమ్ము అలలకే చెల్లుతుంది, అంచుకు చేరదు.

ఖరీదు తక్కువైతే నాసిరకమేనన్న భ్రమ కూడా పోవాలి. ఫ్రాన్సు సవ్వా కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కొయ్య పిడి మడత చాకు ఈనాటికీ రైతుల చాకుగానే ఉన్నది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్జెనర్ సంగతి మరీ గమనించదగినది. తన ప్రాంతపు కుర్రవాళ్ళు పని దొరక్క వలస పోతున్నారని చాకుల పనివారందరినీ ఒక సంఘంగా కూర్చి, 1891లో స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేయడం ప్రారంభించాడు. జర్మనీలోని సోలింగెన్ కర్మాగారాలు చౌకగా అమ్మి దెబ్బతీస్తే అప్పుల్లో కూరుకుపోయాడు. 1897లో ఆఫీసర్ల చాకు రూపొందించి నిలదొక్కుకున్నాడు. మన కొలిమివారికి అటువంటి సంఘమూ లేకపోయింది, అటువంటి సైన్యమూ లేకపోయింది. నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము తీసే కొలిములు 1790ల నాటి కరవుతో క్షీణించిన సంగతిని కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ రాసిపెట్టాడు. వారిని తిరిగి నిలబెట్టడానికి ఎవరూ పూనుకోలేదు.

ఇక ధర్మశాస్త్రం దృష్టి. దుబారాను ఖుర్ఆన్ ఎంత గట్టిగా ఖండించిందో పాఠకులకు తెలిసినదే. హనఫీ ఫిఖహ్ గ్రంథమైన హిదాయాలో పురుషులకు వెండి వాడకంలో ఇచ్చిన సడలింపు ఉంగరానికి, నడికట్టుకు, ఖడ్గపు అలంకారానికి. జేబు చాకు పిడి ఆ జాబితాలో లేదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటున్నది. జబహ్ చేసేవాడు తన కత్తిని పదును పెట్టుకోవాలని, ప్రాణికి బాధ తగ్గించాలని అందులో ఆదేశం. ఇక్కడ గమనించదగిన సూక్ష్మం ఏమిటంటే, ఆదేశం ఖరీదైన కత్తి కొనమని కాదు, ఉన్న కత్తికి పదును పెట్టమని. పదును బజారులో దొరికే వస్తువు కాదు, వాడేవాడి చేతి పని.

మా మద్రసాలో కితాబత్ నేర్పిన ఉస్తాద్ గారి చాకు విరిగిన ఆక్సా బ్లేడు ముక్క. సాన పట్టించి, పట్టుకునే చోట గుడ్డ చుట్టుకున్నారు. దాని వెల శూన్యం. దానితో ఆయన చెక్కిన కలాలకు మేమంతా వరుసలో నిలబడేవాళ్ళం. కంప్యూటరు లిపి వచ్చాక ఉర్దూ కాతిబ్‌ల జీవనోపాధి పోయింది గాని, ఖత్తాతీ నేర్చుకోవాలనే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఎటువంటి చాకు కొనాలని వారు అడుగుతూ ఉంటారు. అలుగు పొట్టిగా, సన్నగా, నిటారుగా ఉండాలి. తుప్పు పట్టే మామూలు కర్బన ఉక్కయితే ఇంకా మంచిది, పదును త్వరగా ఎక్కుతుంది, వాడిన తర్వాత తుడిచి నూనె రాస్తే చాలు. మడత దగ్గర అలుగు కదలకూడదు. రెండు మూడు వందల రూపాయలలో ఇది దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో మంచి సానరాయి కొనాలి, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్నది. రోజూ ఆ కలాల మీదే బతికేవాడు, వంద కలాలు చెక్కినా అంచు పోని చాకు కావాలనుకుంటే, రెండు వేలైనా పెట్టవచ్చు, అతనికది పనిముట్టు. ఆ చాకును పండ్లు కోయడానికీ, కవర్లు చించడానికీ వాడకూడదు. ఇది పాత లేఖకుల నియమమే. ఖత్ కొట్టినప్పుడు పలక మీద "టక్" మని ఒకే ఒక శబ్దం రావాలి. గరగర మన్నదంటే కలాన్ని పక్కనపెట్టి, ముందు సానరాయి తీయాలి.